అన్నిటికీ సరే అన్న ఖాతాదారు

మా వైపు రైతు ట్రాక్టరుకు బీమా కడతాడు, గేదెకు కడతాడు, కోల్డ్ స్టోరేజీలో దాచిన టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు కూడా కడతాడు. తన తర్వాత ఖాతాలో డబ్బు ఎవరికి వెళ్ళాలో చెప్పమంటే మాత్రం మన ముఖం వంక అదోలా చూస్తాడు. నామినీ గడి దగ్గరికి రాగానే పెన్ను ఆగిపోతుంది. "తొందరేముందండీ, తర్వాత చూద్దాం" అంటాడు. ఆ తర్వాత అనేది ఎప్పుడొస్తుందో బ్యాంకులో పనిచేసినవాళ్ళకు తెలుసు. పెద్దకర్మ అయిన మర్నాడు వస్తుంది, నలుగురు బంధువులతో కలిసి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

కొత్తగా బ్యాంకుల్లో చేరి, కంప్యూటరు ముందు కూర్చుంటే లోకమంతా అందులోనే కనపడుతుందనుకునే మీకోసం ఈ సంగతి రాస్తున్నాను. పేర్లు చెప్పను. ఊరు దర్శి చుట్టుపక్కల ఏదో ఒకటి అనుకోండి. అసలు మనిషి ఇప్పుడు లేడు. నేను రిటైరయ్యాను. నాకు మెమో ఇవ్వగలిగినవాళ్ళు కూడా రిటైరయ్యారు, కాబట్టి ధైర్యంగానే రాస్తున్నాను.

అంతకుముందు పిడుగురాళ్లలో పనిచేశాను. అక్కడ సున్నపు బట్టీల పొడి నా చొక్కాల మీద, ఫైళ్ళ మీద, చివరికి పెరుగన్నం మీద కూడా పడేది. దర్శి వైపు బదిలీ అనగానే అమ్మయ్య అనుకున్నాను. వచ్చాక తెలిసింది, కల్లాల్లో మిర్చి ఆరబోసినన్నాళ్ళూ ఇక్కడ క్యాషియరు మొదలు ఖాతాదారు దాకా అందరూ తుమ్ముతూనే ఉంటారని.

ఆ బ్రాంచిలో నాకు బాగా దగ్గరైన ఖాతాదారు ఒక పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు ఎడ్ల సంతల్లో బేరగాడు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయాక మిర్చి బేరాలకు మారాడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య కూర్చుని ధర తేల్చి, ఇద్దరి దగ్గరా కాస్త కాస్త పుచ్చుకోవడం ఆయన వృత్తి. చదువు సంతకం వరకే. నాలుగెకరాల పొలం, ఒక డాబా ఇల్లు సంపాదించాడు. మోకాళ్ళు అరిగాక పొలం కౌలుకిచ్చి ఇంటిపట్టున ఉంటున్నాడు. పిల్లల్లేరు. చనిపోయిన చెల్లెలి కొడుకుని చిన్నప్పట్నించీ తెచ్చి పెంచుకున్నాడు. ఆ మేనల్లుడు పెద్దవాడై ఊళ్ళోనే పురుగుమందుల కొట్టు పెట్టాడు.

నేను చేరిన కొత్తలోనే పెద్దాయన ఖాతా చూసి, నామినీగా భార్య పేరు రాద్దామన్నాను.

"ఏంది మేనేజరు గారూ, నన్ను పంపించే ఏర్పాట్లు చేస్తన్నారా?" అన్నాడు నవ్వుతూ.

"పోనీ అమ్మగారి పేరు కలిపి జాయింటు ఖాతా చేద్దాం."

"ఇంట్లో జాయింటుగానే ఉన్నాం లెండి. బ్యాంకులో కూడా ఎందుకు?"

వీలునామా మాటెత్తితే కుర్చీలోంచి లేచాడు. అది రాసినవాడు ఎక్కువ రోజులు బతకడట. అలా రాసి పోయినవాళ్ళ పేర్లు ఏకరువు పెట్టాడు కూడా. రాయకుండా పోయినవాళ్ళ పేర్లు నేను చెప్పబోతే, మోకాళ్ళ నొప్పులంటూ వెళ్ళిపోయాడు.

ఒక్క ఏర్పాటు మాత్రం చేశాడు. బ్యాంకు మెట్లు ఎక్కలేనని మేనల్లుడికి జీపీఏ రాసిచ్చాడు. అంటే, నా తరఫున నా ఖాతా ఇతను నడుపుతాడు అని రిజిస్టరు చేయించి ఇచ్చే కాగితం. మన జనం దృష్టిలో అది చావని కాగితం. రాసినవాడు పోయినా నడుస్తుందనుకుంటారు. నిజానికి ఇచ్చినవాడు బతికి ఉండి, బుద్ధి నిలకడగా ఉన్నంతవరకే దానికి ప్రాణం. ఈ సంగతి రాయించేటప్పుడు ఎవరూ అడగరు, మనమూ చెప్పం.

తర్వాతి ఏడు పత్తి తీతల రోజుల్లో పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట కూడా పోయింది. అయితే పూర్తిగా పోలేదు, ఒక్క మాట మిగిలింది. అది "సరే". మంచినీళ్ళు కావాలా అంటే సరే. వద్దా అంటే సరే. జీవితమంతా ఎవరు చెప్పిన ధరకూ ఒక పట్టాన తల ఊపని మనిషికి దేవుడు ఆ ఒక్క మాటే ఎందుకు మిగిల్చాడో, ఆయన హాస్యం ఆయనది. చూడ్డానికి వెళ్ళి పలకరిస్తే నాకూ సరే అన్నాడు. బాగానే ఉన్నాడనుకుని వచ్చేశాను.

ఆ వేసవికి మా పై ఆఫీసు కంప్యూటరు ఆ ఖాతా మీద ఎర్రజెండా ఎగరేసింది. మంచం మీదున్న మనిషి ఖాతాలోకి ఊరూ పేరూ తెలియని వాళ్ళ దగ్గర్నుంచి డబ్బు వస్తోంది. వచ్చిన డబ్బు వచ్చినట్టే నగదుగా పోతోంది. తీస్తున్నది మేనల్లుడు. ప్రతిసారీ కారణం మిర్చి అమ్మకం అని రాస్తున్నాడు. ఆయన అమ్మినట్టు చూపించిన మిర్చి పండాలంటే ఉన్న నాలుగెకరాలతో పాటు దాచేపల్లి సిమెంటు కొండల మీద కూడా నారు పోసి ఉండాలి.

దీన్నే మనీ లాండరింగ్ అంటారు. దొంగ డబ్బుకి తలంటి, కొత్త చొక్కా తొడిగి, పెద్దమనిషిలా బజార్లోకి పంపడం. మా వైపు ఆ చొక్కా ఎప్పుడూ రైతుదే. పంట మీద పన్ను లేదు కదా. ఇక్కడ వస్తున్నది క్రికెట్ పందేల డబ్బని తర్వాత బయటపడింది. అప్పటికి మాకు తెలిసింది అనుమానం మాత్రమే.

విచారణకు మా ఫీల్డాఫీసర్ని పంపాను. మంచివాడు, చదువుకున్నవాడు, మట్టి అంటని బూట్లవాడు. సాయంత్రానికల్లా చక్కటి ఇంగ్లీషులో రిపోర్టు ఇచ్చాడు. ఖాతాదారుణ్ణి ఇంటి దగ్గర స్వయంగా కలిశాననీ, లావాదేవీలన్నీ తనవేనని ఆయన నోటిమాటగా ఒప్పుకున్నాడనీ దాని సారాంశం. నేను దాని మీద సంతకం పెట్టి పైకి పంపాను. పైవాళ్ళు మాకంటే తెలివైనవాళ్ళు. రిపోర్టు చదివారో లేదో గానీ, ఆ ఖాతాలోంచి డబ్బు తీయడం మాత్రం ఆపేశారు.

మర్నాడు ఉదయం పెద్దాయన భార్య బ్యాంకుకు వచ్చింది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం కల్లం దాటి వినపడుతుంది.

"ఏందయ్యా ఈ అన్యాయం? కౌలు డబ్బులు అందులోనే పడతయ్, ఫించనీ అందులోనే పడుద్ది. కాళ్ళూ చేతులూ ఆడించే పిల్లాయన రోజూ వస్తన్నాడు, ఆయనకేమివ్వాల? మందులు దేంతో తేవాల?"

ఖాతాలో జరుగుతున్నదంతా చెప్పి, మీవారే ఒప్పుకున్నారు కదమ్మా అన్నాను.

"ఒప్పుకున్నాడా? ఏమన్నాడు?"

నేను ఫీల్డాఫీసరు వంక చూశాను. "సరే అన్నారు సార్" అన్నాడు.

"ఇంకేమన్నారు?"

"మళ్ళీ అడిగాను సార్. మళ్ళీ సరే అన్నారు. కాఫీ తాగి, వెళ్ళొస్తానంటే దానికి కూడా..." అంటూ ఆగిపోయాడు.

"నాయనా, ఆయన మొన్న చీరలమ్ముకునేవాడికి కూడా సరే అన్నాడు" అంది ఆమె. "వాడు ఆరు చీరలు మంచం మీద దించి, డబ్బులకి రేపొస్తానని పోయాడు."

బ్యాంకంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. బల్ల మీద చెయ్యి పెట్టి, "ఆయన పేరు కేసులోకి ఎక్కుద్దా మేనేజరు గారూ?" అని నెమ్మదిగా అడిగింది. "అంతమంది మధ్య కూర్చుని బేరాలాడినోడు. దొంగసొమ్ము అనే మాట ఇంతవరకూ పడలేదు. మంచంలో ఉన్నప్పుడు పడాల్నా?"

అప్పుడు నాకు భయం వేసింది. ఎక్కుతుంది. ఖాతా ఎవరిదో మొదటి ముద్దాయి వాళ్ళే. పైగా, డబ్బంతా నాదేనని ఆయన ఒప్పుకున్నట్టు మా ఆఫీసరు రాసిన రిపోర్టు, కింద నా సంతకం.

మధ్యాహ్నం మేనల్లుడు వచ్చాడు. ముప్పై దాటినవాడు, మాట తీరు మెత్తన. సీసాడు కొత్త కారం నా బల్ల మీద పెట్టి, అత్త దంచిందన్నాడు. అత్త పొద్దున ఏం దంచి వెళ్ళిందో నాకు తెలుసు గనక సీసా వెనక్కి జరిపాను.

"మీ మావకి బుద్ధి నిలకడగా ఉందా?" అని అడిగాను.

"ఎందుకు లేదు సార్, శుభ్రంగా ఉంది."

"అయితే ఈ మిర్చి సంగతి ఆయన్నే అడుగుదాం."

"అంటే, ఆయనకి అంతగా తెలవదు సార్. బుర్ర కూడా కొద్దిగా..."

"బుద్ధి లేదంటే నీ జీపీఏ చెల్లదు మరి."

"ఉంది సార్. ఉంది."

"అయితే అడుగుదాం."

కాసేపు అతను గానుగెద్దులా ఆ రెండు మాటల చుట్టూ తిరిగాడు. చూడ్డానికి సరదాగానే ఉంది గానీ, అదే గానుగకు నేనూ కట్టేసి ఉన్నాను. పెద్దాయనకు బుద్ధి లేదని తేలితే ఇతని కాగితం పోతుంది, నిజమే. కానీ భార్యకు కూడా ఏమీ రాదు. ఆమె కోర్టుకెళ్ళి సంరక్షకురాలిగా ఆర్డరు తెచ్చుకోవాలి. దానికి నెలలు పడుతుంది, లాయర్లు కావాలి. ఈలోగా ఆయన తన తరఫున ఒక్క ముక్క చెప్పుకోలేక ముద్దాయిగా మిగులుతాడు. ఆయనకు బుద్ధి ఉంటేనే ఆ ఇల్లు నిలబడుతుంది. ఉందని రుజువు చేయడానికి ఆయన దగ్గరున్నది ఆ ఒక్క మాట. ఆ మాటతో ఏదీ రుజువు కాదు.

మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మని బతిమాలి, ఫీల్డాఫీసర్ని వెంటపెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను. పెద్దాయన దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసి, నీలం అంచు తువ్వాలు ఒకటి భుజాన వేశారు. మేనల్లుడు ముందే వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"మావా, నీ ఖాతా నన్నే చూసుకోమంటావుగా?"

"సరే" అన్నాడు పెద్దాయన.

"చూశారా సార్" అన్నాడు మేనల్లుడు.

నేను వంగి, "పెద్దాయనా, ఈ డాబా నా పేరున రాసిస్తారా?" అని అడిగాను.

"సరే."

"మీ మేనల్లుడికి రెండో పెళ్ళి చేద్దామా?"

"సరే. సరే."

గుమ్మంలో నిలబడ్డ భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఫీల్డాఫీసరు తన బూట్ల వంక శ్రద్ధగా చూసుకున్నాడు. తల ఊపి చెప్పమంటే, సరే అంటూ పైకీ కిందకీ ఊపాడు. మేనల్లుడు గోడకి చేరగిలబడి, ఇంక మీ ఇష్టం అన్నట్టు చూస్తున్నాడు.

"మాట పోయినంత మాత్రాన బుద్ధి పోయినట్టు కాదండీ" అంది డాక్టరమ్మ. "లోపల అంతా అర్థమవుతూ ఉండొచ్చు. బయటికి వచ్చే దారే మూసుకుపోయింది."

భార్య ముందుకొచ్చింది. "నాకూ అదే అనుమానంగా ఉందమ్మా. కాఫీ గ్లాసు ఇచ్చేటప్పుడు ఎడం చేత్తో నా వేళ్ళు పట్టుకుని నొక్కుతాడు. ఒకసారి రెండు వేళ్ళు, ఒకసారి మూడు వేళ్ళు. నెప్పులేమోనని నూనె రాస్తన్నా."

ఆ మాట వినగానే నాకు వెనకటి నా తెలివితక్కువ పని ఒకటి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో గేదెల లోన్లు ఇచ్చేవాళ్ళం. పశువుల డాక్టరుతో కలిసి నన్ను సంతకు పంపేవాళ్ళు. సంతలో ధర నోటితో చెప్పరు. బేరగాడు మన చేతి మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. నచ్చకపోతే చెయ్యి లాక్కోవాలి. చెయ్యి ఉంచితే బేరం కుదిరినట్టే. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియకుండా అమ్మకం అయిపోతుంది. ఈ సంగతి తెలియని నేను, ఒకాయన ఆప్యాయంగా నా చెయ్యి పట్టుకుంటే, పెద్దమనిషి కదా అని మర్యాదగా అలాగే ఉంచాను. ఒట్టిపోయిన గేదె ఒకటి బ్యాంకు ఖర్చుతో కొన్నానని తర్వాత తెలిసింది.

పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి, ఆయన ఎడమ చేతి మీదా నా చేతి మీదా కప్పాను. ఆయన కళ్ళు మారిపోయాయి. మంచం మీది రోగి పోయి, సంతలోని మనిషి వచ్చి కూర్చున్నాడు.

"పొలం ఎన్నెకరాలు?"

"సరే" అంది నోరు. వేళ్ళు మాత్రం నాలుగు పట్టుకున్నాయి.

"ఇంట్లో గదులెన్ని?" మూడు. డాక్టరమ్మ గోడ మీది ఫొటోలు చూపించి, అందులో ఎంతమంది ఉన్నారని అడిగింది. ఆ లెక్కా తప్పలేదు.

"పిల్లలు ఎంతమంది?" అన్నాను. లేరని తెలిసే అడిగాను, పరీక్షగా. ఆయన నా చూపుడువేలు పట్టుకున్నాడు. ఒకటి. ఇంతసేపూ చెప్పినవన్నీ గాలివాటమేనా అనుకున్నాను.

"వాణ్ణే చెప్తన్నాడండి" అంది భార్య, మేనల్లుడి వంక చూడకుండా.

మేనల్లుడు గోడ దగ్గర్నుంచి కదిలి నిటారుగా నిలబడ్డాడు.

"మీ ఖాతాలో జరిగిన మిర్చి అమ్మకాలు మీవేనా?"

"సరే" అన్నాడు పెద్దాయన. చెయ్యి మాత్రం విసురుగా వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ కప్పి, ఖాతా మేనల్లుడి చేతిలోనే ఉంచమంటారా అని అడిగాను. మళ్ళీ లాక్కున్నాడు. అమ్మగారిని కలిపి జాయింటు చేయమంటారా అంటే, ఐదు వేళ్ళూ కలిపి పట్టుకుని వదల్లేదు. ప్రశ్నల్ని డాక్టరమ్మ అటూ ఇటూ మార్చి, తిప్పి అడిగింది. నోరు అన్నిటికీ సరే అంటూనే ఉంది. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. మేము చూసేసరికి మేనల్లుడు అక్కడ లేడు, వీధిలో మోటారుసైకిలు చప్పుడు వినపడింది.

బ్యాంకుకు తిరిగొచ్చి రెండు పనులు చేశాను. ఫీల్డాఫీసరు రాసిన మొదటి రిపోర్టు తప్పని, డాక్టరమ్మ సర్టిఫికెట్ జతచేసి, మేమిద్దరం సంతకాలు పెట్టి పైకి రాశాం. అతను తలదించుకుని టైపు చేస్తుంటే, నా గేదె కథ మొత్తం వినిపించాను. కొంచెం తేలికపడ్డాడు. రెండోది, అనుమానాస్పద లావాదేవీల గురించి పంపవలసిన నివేదిక. ఎవరు తీశారు, ఎంతకాలంగా, పెద్దాయన అప్పటికి ఏ స్థితిలో ఉన్నాడు, అన్నీ రాసి పంపించాను. ఆ నివేదికకు ఒక నియమం ఉంది. పంపినట్టు బయట ఎవరికీ చెప్పకూడదు. ఖాతాదారుకి గానీ, భార్యకు గానీ, చివరికి అనుమానం ఎవరి మీదో వాళ్ళకు గానీ చూచాయగా కూడా తెలియనివ్వకూడదు. నా సర్వీసులో నన్ను కష్టపెట్టిన నియమం అదొక్కటే. మిగతావి నాలోని ఆఫీసరును మాత్రమే కష్టపెట్టాయి.

ఇక జీపీఏ రద్దు, వీలునామా మిగిలాయి. మంచంలో ఉన్నవాళ్ళ కోసం సబ్ రిజిస్ట్రారు ఇంటికే రావచ్చు, ఫీజు కట్టి అర్జీ పెట్టుకోవాలి. భార్య పెట్టింది. ఆయన వచ్చాడు. కృష్ణా డెల్టా మనిషి, సంతలెరగడు. నేను తువ్వాలు సంగతి వివరిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"గుడ్డ కింద ఒప్పుకున్నాడని ఏ సెక్షన్ కింద రాసుకోమంటారండీ? పైకి కనపడేట్టు పట్టుకోమనండి."

తువ్వాలు తీసేశాం. పెద్దాయన చెయ్యి వెనక్కి లాక్కుని దుప్పట్లో దాచుకున్నాడు. పదిమంది చూస్తుండగా ధర చెప్పడం ఆయన జన్మలో చేయని పని. చట్టమేమో అంతా బహిరంగంగా జరగాలంటుంది, ఆయన వృత్తేమో అంతా గుట్టుగా జరగాలంటుంది. ఇద్దరూ పట్టు విడవలేదు. చివరికి సబ్ రిజిస్ట్రారే చొక్కా చెయ్యి మడిచి, తువ్వాలు కింద తన చెయ్యి పెట్టాడు. రెండు ప్రశ్నలయ్యేసరికి ఆయనకు సరదా పుట్టింది. అవసరం లేనివి కూడా అడగడం మొదలుపెట్టాడు. భార్య చేతి వంట ఎలా ఉంటుందని అడిగితే పెద్దాయన ముందు చెయ్యి లాక్కుని, ఆమె చూపు చూసి మళ్ళీ పెట్టాడు.

జీపీఏ రద్దయింది. వీలునామాలో ఇల్లూ పొలమూ భార్యకన్నాడు. ఆమె తర్వాత ఎవరికని సబ్ రిజిస్ట్రారు అడిగితే, పెద్దాయన ఒక్క వేలు పట్టుకుని గుమ్మం వైపు చూశాడు. మేనల్లుడు ఆ రోజు నుంచీ ఆ గుమ్మం తొక్కలేదు.

"ఎవరండీ ఆ ఒక్కరు?"

"ఇంకెవరు, వాడే" అంది భార్య. "ఇంత చేసినా వాడే. రాసుకోండి. ఆయన సొమ్ము, ఆయన ఇష్టం." ఆ మాటలో కోపం ఉంది, కానీ వద్దని మాత్రం అనలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఇలాంటి వాడికా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. బుద్ధి నిలకడగా ఉండడమంటే మనకు నచ్చినట్టు రాయడం కాదు కదా. పెద్దాయన ఎడమ బొటనవేలికి సిరా రాసి ముద్రలు వేయించారు. డాక్టరమ్మా నేనూ సాక్షి సంతకాలు పెట్టాం. జాయింటు ఖాతా కాగితాలు నేను తెచ్చే ఉన్నాను. కౌలు డబ్బు, పింఛను ఇక నుంచి అందులో పడతాయి. ఆమె ఒక్కతే వచ్చి తీసుకోవచ్చు, ఎవరు ముందు పోయినా రెండోవాళ్ళకు ఉంటుంది. పాత ఖాతాలో మిగిలింది విచారణవాళ్ళ కోసం కదలకుండా ఉంటుంది. పెద్దాయన పేరు ముద్దాయిగా ఎక్కదని నాకు అప్పటికే చాలావరకు నమ్మకం కుదిరింది.

సబ్ రిజిస్ట్రారు, డాక్టరమ్మ బయటికి నడిచారు. నేను లేవబోతుంటే పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఎడమ చేత్తోనే, తంటాలు పడి, తువ్వాలు రెండు చేతుల మీదికి లాగాడు. ఈసారి బేరం మొదలుపెట్టింది ఆయన. ఒక వేలు పట్టుకుని నా మొహంలోకి చూశాడు. నాకు అర్థం కాలేదు.

"వాడికి ఎన్నేళ్ళు పడుద్దో అడుగుతన్నాడండి" అంది భార్య. "కౌలుదారు నిన్న వచ్చి, ఇట్టాంటి కేసుల్లో ఏడేళ్ళు లోపలేస్తారంట అని వాగిపోయాడు. అప్పట్నించీ అన్నం ముట్టలేదు."

నన్ను ఆయన ఏమనుకున్నాడో, జడ్జీ అనుకున్నాడో, జడ్జీకీ తనకూ మధ్య బేరగాణ్ణనుకున్నాడో. నాలో ఉన్న అల్లరి ఊరుకోలేదు. ఆయన్ని కాస్త నవ్విద్దామని, ముందు ఐదు వేళ్ళు, తర్వాత రెండు వేళ్ళు నొక్కాను. ఏడు. చెయ్యి లాక్కుని, మళ్ళీ తెచ్చి ఒక వేలు పట్టుకున్నాడు. నేను నాలుగన్నాను. ఆయన ఒకటి దగ్గరే ఉన్నాడు. నేను మూడుకి దిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి రెండు వేళ్ళు పట్టుకున్నాడు. ఇద్దరికీ ఏ అధికారమూ లేని సరుకు మీద అచ్చం సంతలో లాగా బేరమాడుతున్నాం. ఆయన నోరు సరే, సరే అంటూనే ఉంది. నవ్వుతున్నాడేమోనని తలెత్తి చూస్తే, ఆయన చెంపలు తడిసి ఉన్నాయి.

పట్టుకున్న నా రెండు వేళ్ళనూ ఆయన తువ్వాలు కిందనే తన వైపు లాక్కున్నాడు. తీసుకెళ్ళి తన రొమ్ము మీద పెట్టుకుని గట్టిగా అదిమాడు.

భార్య కొంగుతో ఆయన చెంపలు తుడిచింది. "ఆ రెండేళ్ళూ తన మీద వేసుకోమంటన్నాడండి" అంది. "ఇన్నేళ్ళూ అందరి సరుక్కీ బేరాలాడాడు. తనకోసం ఏదీ కొనుక్కోలేదు. ఇదొక్కటే."

నివేదిక వెళ్ళిపోయింది. మేనల్లుడి పేరు అందులో పైనుంచి కిందిదాకా ఉంది, రాసింది నేనే. తర్వాత అతను పందేలవాళ్ళ పేర్లన్నీ చెప్పి విచారణకు సాయపడ్డాడనీ, అయినా కొంతకాలం లోపలే ఉన్నాడనీ మీరు అడగకముందే చెప్తున్నాను. అవేవీ ఆ రోజు మాకెవరికీ తెలియవు. ఆ రోజు నాకు తెలిసిందల్లా, నోరు విప్పకూడదన్న నియమం. చేతితోనైనా నిజం చెప్పాలంటే ఒకటే దారి, చెయ్యి వెనక్కి లాక్కోవాలి. ఈ సరుకు నాది కాదు, ఈ బేరం నా చేతిలో లేదు అని చెప్పడానికి ఆయనకు అర్థమయ్యే భాష అదొక్కటే.

నేను చెయ్యి తీయలేదు.

పెద్దాయన బేరం కుదిరిందనుకున్నాడు. పెద్దగా ఊపిరి వదిలి, దిండు మీద తల వాల్చి, కళ్ళు మూసుకున్నాడు. కాసేపట్లోనే నిద్రపోయాడు. బయట సబ్ రిజిస్ట్రారు జీపు హారను కొడుతున్నాడు.

"నిజంగా రెండేళ్ళేనా మేనేజరు గారూ?" అని భార్య గుసగుసగా అడిగింది.

నేను ఆమె మొహంలోకి చూడకుండా, "కొంచెం కాఫీ ఉందా అమ్మా?" అన్నాను.

ఆమెకు అర్థమైంది. లోపలికి వెళ్ళి చాలాసేపు కాఫీ పెట్టింది.